కత్తిపరిగె అనుకుని పెంచిన చేపలు: రేపల్లె దిగువన ఒక ఉప్పునీటి చెరువు కేస్ స్టడీ

2023 జనవరిలో, సంక్రాంతికి వారం రోజుల ముందు, బాపట్ల జిల్లాలో రేపల్లెకు దిగువన ఉప్పుటేటి గట్టు మీద చెరువున్న ఒక రైతు నాకు ఫోన్ చేశారు. తొమ్మిది నెలలుగా కత్తిపరిగెలు (ఉప్పునీటి మల్లెట్ చేపలు) పెంచుతున్నాననీ, పండక్కి పట్టుబడి చేద్దామని విసురు వల వేసి చూస్తే ఒక్కటి కూడా వంద గ్రాములు దాటలేదనీ, ఏ రోగం పట్టిందో వచ్చి చూడమనీ అడిగారు. ఉప్పునీటి చెరువులకు సాంకేతిక సలహాలిచ్చే పనిలో ఉన్నవాడికి "ఎదగడం లేదు" అనే ఫిర్యాదు కొత్తేమీ కాదు. పదింట ఎనిమిదిసార్లు మేత దగ్గరో, నీటి దగ్గరో, పిల్లల సంఖ్య దగ్గరో కారణం దొరుకుతుంది. ఈ చెరువులో కారణం ఆ మూడింటిలోనూ లేదని తేలడానికి నాకు రెండు రోజులు పట్టింది.

చెరువు రెండెకరాలు, లోతు సగటున నాలుగడుగులు. 1990ల మొదట్లో టైగర్ రొయ్య కోసం తవ్వించారు. 1994–95లో వైట్ స్పాట్ (రొయ్యల తెల్లమచ్చ రోగం) వచ్చి తీరమంతా దెబ్బతిన్నప్పుడు ఈ చెరువూ ఖాళీ అయింది. 2009లో వనామీ అనే విదేశీ రొయ్యకు అనుమతి వచ్చాక మళ్ళీ రొయ్య వేసి, రెండు పంటలు నష్టపోయి, చివరికి వదిలేశారు. అలాంటి చెరువుకు కత్తిపరిగె సరైన చేపే. బురద మీద పెరిగే నాచును, సూక్ష్మజీవులను, కుళ్ళిన ఆకుపొడిని తిని బతుకుతుంది కాబట్టి మేత ఖర్చు పెద్దగా ఉండదు. మంచినీటిలోనూ, సముద్రం కంటే ఉప్పెక్కిన నీటిలోనూ తట్టుకుంటుంది. ఈ లెక్క వేసుకునే రైతు 2022 ఏప్రిల్ చివరి వారంలో ఏట్లో దోమతెర వలలతో పిల్లలు పట్టేవారి దగ్గర పదివేల పిల్లలు కొని వదిలారు. అప్పటికి పిల్ల పొడవు రెండు మూడు సెంటీమీటర్లు. ఏడాది తిరిగేసరికి చేప అర కిలోకు వస్తుందని ఆయన విన్నది అబద్ధం కాదు. చెరువులో మంచి వసతి ఉంటే కత్తిపరిగెకు అది సాధ్యమే.

నేను వెళ్ళిన ఉదయం ఆరు గంటలకు నీటిలో ప్రాణవాయువు లీటరుకు నాలుగున్నర మిల్లీగ్రాములు ఉంది. ఉప్పుదనం 24 పీపీటీ, అంటే వెయ్యి పాళ్ళ నీటిలో ఇరవై నాలుగు పాళ్ళ ఉప్పు. పీహెచ్ 8 దాటింది కానీ ఆందోళన పడేంత కాదు. అడుగు మట్టి తీసి వాసన చూస్తే తూము దగ్గర తప్ప ఎక్కడా కుళ్ళు లేదు. చేపల మొప్పలు ఎర్రగా, శుభ్రంగా ఉన్నాయి, ఒంటి మీద పుండు గానీ పేను గానీ లేదు. "మేత సరిపోలేదంటారా సార్? తవుడు, వేరుశెనగ చెక్క వారానికి రెండుసార్లు వేశానండీ" అని రైతు రెండుసార్లు అడిగారు. ఆ ప్రశ్నకు నీటిలో జవాబు దొరకదు, చేపను కోసి కడుపులో చూడాలి.

పన్నెండు చేపలు కోశాం. కత్తిపరిగె జాతులన్నింటికీ జీర్ణాశయం చివర కోడి కందనకాయ లాంటి గట్టి కండర సంచి ఉంటుంది. చేప బురదతో పాటు ఇసుక రేణువులను మింగి, ఆ ఇసుకనే తిరగలిగా చేసుకుని నాచు కణాల గట్టి పెంకును అందులో నూరుతుంది. ఆ పన్నెండింటి కందనకాయలూ నిండుగా ఉన్నాయి. ఒకదాన్ని చీల్చి గాజు పలక మీద పరిచి మైక్రోస్కోప్ కింద పెడితే సన్నని ఇసుక, డయాటమ్ అనే సూక్ష్మ నాచు పెంకులు, పచ్చని నాచు తునకలు కనిపించాయి. ప్రేగు చుట్టలు చుట్టలుగా, విప్పి కొలిస్తే ఒంటి పొడవుకు మూడు రెట్లకు పైగా ఉంది, అదీ చివరిదాకా నిండే ఉంది. ఇవి ఆకలితో ఎదగలేకపోయిన చేపలు కావు.

అసలు సంగతి ప్రేగు పక్కనే ఉంది. పన్నెండు చేపల్లో ఐదింటి కడుపులో సెన, అంటే గుడ్ల ముద్ద, ఉంది. పొట్ట గోడకు ఆనుకుని రెండు పాయలుగా, పసుపు రంగులో, వేలితో నొక్కితే గింజలు విడివడేటంత ముదిరిన సెన. చేప బరువు ఎనభై గ్రాములు, వయసు పది నెలల లోపు. మనం కత్తిపరిగె అని పెంచాలనుకునే మ్యుగిల్ సెఫాలస్ రెండు మూడేళ్ళు నిండితే గానీ ఈడుకు రాదు, ఆ తర్వాత కూడా సముద్రంలోకి వెళ్ళితే తప్ప గుడ్లు పెట్టదు. ఎనభై గ్రాముల చేప సెనతో ఉందంటే అది ఎదుగుదల ఆగిపోయిన పెద్ద జాతి పిల్ల కాదు, తన జాతికి తగినంత ఎదిగిన పెద్ద చేప.

అప్పుడు చేపను మళ్ళీ తల నుంచి తోక దాకా చూశాను. మొదటి చూపులోనే చూడవలసినది అది, నీటి కిట్లు ముందేసుకుని కూర్చోవడం నా అలవాటు తప్పు. సెఫాలస్‌కు కంటి మీద జిగురు లాంటి మందమైన కొవ్వు రెప్ప ఉంటుంది. ముందు నుంచీ వెనక నుంచీ కమ్ముకొచ్చి, మధ్యలో నిలువు చీలికలా కనుపాపను మాత్రం వదులుతుంది. ఈ చేపల కంటి చుట్టూ పల్చని అంచు తప్ప రెప్ప అనదగినది లేదు. మొప్ప దాటిన చోటి నుంచి తోక దాకా పొలుసుల వరస లెక్కిస్తే సెఫాలస్‌కు నలభైకి అటూ ఇటూ రావాలి. వీటికి ముప్ఫై ఒకటి, ముప్ఫై రెండు వచ్చాయి. సెఫాలస్‌కు జీర్ణాశయం ప్రేగుతో కలిసేచోట వేళ్ళలాంటి చిన్న తిత్తులు సరిగ్గా రెండే ఉంటాయి, వీటికి ఐదేసి ఉన్నాయి. మలద్వారం వెనక రెక్కలో మూడు ముళ్ళు, తొమ్మిది మెత్తని కాడలు. సెఫాలస్‌కైతే మూడు ముళ్ళు, ఎనిమిది కాడలు. ఈ నాలుగు గుర్తులూ ఒకే వైపు చూపించాయి. ఆ చెరువులో ఉన్నవి ప్లానిలైజా ప్రజాతికి చెందిన చిన్న మల్లెట్లు. వాటిలో మాక్రోలెపిస్, పార్సియా అనే రెండు జాతులు కలిసి ఉన్నాయని నా అంచనా. రెండూ మన తీరంలో మామూలే. రుచిలో కొరతేమీ లేదు, ఎదుగుదలలోనే పెద్దవాటితో పోటీకి నిలవవు.

ఈ పొరపాటుకు పిల్లలమ్మిన వారిని తప్పు పట్టలేం. మా తీరంలో ఈ కుటుంబపు చేపలను కత్తిపరిగెలనీ, బొంతలనీ, గోదావరి వైపు కొయ్యింగలనీ పిలుస్తారు. చిలికా సరస్సులో ఒరియావాళ్ళు పెద్ద కత్తిపరిగెను ఖైంగా అంటారు. ఒకే పేరు కింద నాలుగైదు జాతులు అమ్ముడుపోతాయి, కూరకు ఆ తేడా అక్కర్లేదు కూడా. పైగా రెండు సెంటీమీటర్ల పొడవున్నప్పుడు అన్నీ ఒకటే వెండి రంగు, ఒకటే మొద్దు మూతి, ఒకటే ఈత. పెంపకందారుకు మాత్రం ఆ పేరే నష్టం తెచ్చింది.

జాతి తెలిశాక వెనక్కి తిరిగి చూస్తే, కొన్న తేదీలోనే జవాబుంది. పెద్ద కత్తిపరిగె ఉప్పుటేళ్ళలోనూ, నదీ ముఖాల్లోనూ, సరస్సుల్లోనూ ఏళ్ళ తరబడి పెరిగి, ఈశాన్య రుతుపవనాల కాలంలో గుంపులు కట్టి మొగల (ఏరు సముద్రంలో కలిసే చోట్ల) గుండా సముద్రంలోకి వెళ్ళిపోతుంది. మన తూర్పు తీరంలో దాదాపు అక్టోబరు నుంచి జనవరి దాకా అది గుడ్లు పెట్టే కాలం. ఒక్కో ఆడచేప ఐదు లక్షల నుంచి ఇరవై లక్షల దాకా గుడ్లను సముద్రపు నీటిలో వదులుతుంది. మిల్లీమీటరు కంటే కాస్త తక్కువుండే ఆ గుడ్డులో ఒక నూనె బిందువు ఉంటుంది. తేలుతూ ఉన్న గుడ్డు రెండు రోజుల్లో పగిలి, రెండున్నర మిల్లీమీటర్ల పిల్ల బయటికొస్తుంది. మొదట్లో నీటిలో తేలే సూక్ష్మ జంతువులను తింటూ, అలలతో పాటు కొట్టుకుంటూ, పదహారు ఇరవై మిల్లీమీటర్లు పెరిగేసరికి ఒడ్డుకు చేరుతుంది. అక్కడి నుంచి పోటు నీటితో ఏట్లోకి ఎక్కి, మడచెట్ల వేళ్ళ మధ్య లోతు తక్కువున్న చోట మందలుగా తిరుగుతూ, క్రమంగా బురద మేతకు మళ్ళుతుంది. ఈ లెక్క ప్రకారం రెండు మూడు సెంటీమీటర్ల సెఫాలస్ పిల్ల మన ఏళ్ళలో దొరకవలసింది నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా. ఏప్రిల్ చివరికి అవి అంతకు రెండు మూడింతలు పెరిగి ఉండాలి. ఏప్రిల్‌లో ఇంకా రెండు సెంటీమీటర్లున్న పిల్లను చూసినప్పుడే, ఇది వేరే తల్లి పిల్ల అని అనుమానం రావాలి. చిన్న జాతుల గుడ్లకాలం పొడుగు, వేసవిలోనూ వాటి పిల్లలు ఏట్లో కనిపిస్తాయి.

రైతుకు ఇది చెప్పినప్పుడు ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే ఇప్పుడు జనవరేగా సార్, ఏట్లో ఉంటాయంటారా?" అన్నారు. నిజానికి ఈ కేసులో రెండో భాగమంతా ఆ ప్రశ్న వల్లనే జరిగింది. నేను చెరువు ఎండగట్టి వచ్చే ఏడాది చూద్దామని చెప్పేవాడిని.

పండగ అయ్యాక పాత చేపలను పట్టించేశారు. సుమారు 5,800 చేపలు, నాలుగు వందల ముప్ఫై కిలోలకు పైన తూగాయి. చెరువు ఎండగట్టి, అడుగు గుంటల్లో మిగిలిన నీటిలో దాక్కున్న జెల్లలూ గొరకలూ లాంటి చేపలు చచ్చిపోవడానికి ఇప్పచెక్క చల్లించాం. పక్కనే ఇరవై సెంట్ల పాత నర్సరీ గుంట ఉంటే దాన్ని ముందు సిద్ధం చేశాం.

చొల్లంగి అమావాస్య ఆ ఏడు జనవరి 21న వచ్చింది. అమావాస్య మర్నాటి నుంచి నాలుగు రోజులు, పెద్ద పోటు ఏట్లోకి ఎక్కే వేళ, కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం హద్దుకు బయట ఉన్న చిన్న పాయ మూతి దగ్గర పిల్లలను పట్టాం. వర్షపు నీరో, పొలాల నీరో ఏట్లో కలిసే చోట ఈ పిల్లలు గుమిగూడతాయన్నది పట్టేవారందరికీ తెలిసిన సంగతే. ఒక్కో వల లాగినప్పుడు పది పిల్లలను తెల్ల ఎనామిల్ పళ్ళెంలోకి తీసి, మంచు నీటిలో వేసి, భూతద్దం కింద మలద్వారపు రెక్కను లెక్కించాం. ఇంత చిన్న పిల్లలో మూడో ముల్లు ఇంకా ముల్లుగా మారదు, మెత్తని కాడగానే ఉంటుంది. కాబట్టి ముళ్ళూ కాడలూ విడివిడిగా చూడకుండా మొత్తం ఎన్ని ఉన్నాయో చూడాలి. పదకొండు వస్తే సెఫాలస్, పన్నెండు వస్తే చిన్న జాతి. చెప్పడానికి తేలికే గానీ, వెంట్రుకలంత సన్నటి కాడలు ఒకదాని మీద ఒకటి పడి చివరి రెండూ ఒకటిగా కనిపిస్తాయి. సూదితో రెక్కను విప్పి, పళ్ళెం కింద నల్లగుడ్డ పరిచి, ఇద్దరం విడివిడిగా లెక్కించి, ఇద్దరి లెక్కా కలిస్తేనే ఒప్పుకున్నాం. పదింట ఆరు కంటే తక్కువ పదకొండులు వచ్చిన వలను తిరిగి ఏట్లోనే వదిలేశాం. అలా నాలుగు రోజుల్లో ఆరువేల పిల్లలు పోగయ్యాయి.

పట్టిన పిల్లను పట్టినట్టే ఆక్సిజన్ కవర్లలో నింపితే దారిలోనే సగం చస్తాయి. కడుపు ఖాళీ అయ్యే దాకా ఏట్లోనే హాపా (సన్నకన్ను వలతో కుట్టిన తొట్టి) కట్టి ఆరేడు గంటలు ఉంచి, ఎండ తగ్గాక తరలించాం. నర్సరీ నీటి ఉప్పుదనం ఏటి కంటే తక్కువ ఉండటంతో, కవర్లను గంటసేపు గుంటలో తేలనిచ్చి, గుంట నీటిని కొంచెం కొంచెంగా కవర్లో కలిపి, తర్వాత వదిలాం. యాభై రోజులకు 3,900 పిల్లలు మిగిలాయి. అప్పటికి పెద్దవి ఆరేడు సెంటీమీటర్లు దాటి, కంటి రెప్ప కనిపించడం మొదలైంది. వల కన్ను సైజును బట్టి జల్లెడ పట్టినట్టు వేరుచేసి, పెద్దవాటిలో 2,300 చెరువులో వేశాం, చిన్నవాటిని ఏట్లో వదిలేశాం. ఆ చిన్నవాటిలో కొన్ని సెఫాలస్ కూడా ఉండే ఉంటాయి. నాకు అంతకంటే మంచి మార్గం తోచలేదు.

పెంపకంలో పెద్దగా చెప్పుకోవలసింది లేదు. పశువుల ఎరువు వేసి, మొదట్లో నీరు అడుగున్నర మించకుండా ఉంచి, ఎండ అడుగుకు తగిలి నాచు పట్టనిచ్చి, తర్వాత నీరు పెంచాం. తవుడూ చెక్కా అదనపు మేత మాత్రమే. మే నెలలో ఉప్పుదనం 38 పీపీటీకి ఎక్కినా చేప చలించలేదు. తెల్లవారుజామున నీటి పైపొర మీది నురగను మూతితో జుర్రుకుంటూ గుంపులుగా తిరుగుతుంటే, గట్టు మీద నిలబడ్డవాళ్ళకు సన్నని చప్పుడు వినబడేది.

జూలైలో మాత్రం నా తప్పొకటి బయటపడింది. విసురు వలలో రెండు పండుగప్పలు పడ్డాయి, ఒక్కోటి ముప్పావు కిలో. కోస్తే ఒకదాని కడుపులో నాలుగు కత్తిపరిగెలు. తూము లోపలి వైపు కట్టిన వల అడుగున బెత్తెడు చినిగి ఉంది, మార్చిలో నేనే చూసి బాగుందన్నాను. ఆ రెండే కాక ఇంకెన్ని ఉన్నాయో తెలియక పదిహేను రోజులు గాలాలు వేయించాం, మరో మూడు దొరికాయి.

అక్టోబరు చివర పున్నమి పోట్లకు చెరువులో కొత్త ప్రవర్తన కనిపించింది. ఏట్లో నీరెక్కి తూము సందుల్లోంచి చెరువులోకి జారే వేళ, చేపలన్నీ ఆ మూలకు చేరి నీటికి ఎదురుగా నిలబడేవి, కొన్ని మూరెడు ఎత్తు ఎగిరేవి. అవి గుడ్ల ఈడుకు రాని చేపలు. కాబట్టి అది సముద్రపు పిలుపని నేను అనను. పారే నీటికి ఎదురెక్కడం ఈ చేపకు ఎప్పుడూ ఉన్న గుణం, ఎగరడం సరేసరి. కారణం ఏదైనా, గట్టు పొడవునా మూడడుగుల ఎత్తు వల కట్టించాం. డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు ఆ వలే కొంత కాపాడింది. ఏటి వైపు గట్టు రెండు చోట్ల పొర్లింది, చెరువులో ఉప్పుదనం రెండు రోజుల్లో 21 నుంచి 6కు పడిపోయింది. రొయ్య ఉన్న చెరువైతే ఆ వారం గండమే. ఇక్కడ మర్నాడు పదకొండు చేపలు మాత్రమే చచ్చి తేలాయి, అవి కూడా వలలో మొప్పలు ఇరుక్కున్నవే. ఎన్ని పొర్లి పోయాయో మాత్రం పట్టుబడి దాకా తెలియలేదు.

2024 సంక్రాంతికి ముందు పట్టుబడి జరిగింది. మొత్తం 1,620 చేపలు, వాటిలో 140 చిన్న జాతివి. మిగిలిన 1,480 కత్తిపరిగెల సగటు బరువు 390 గ్రాములు, అన్నిటికంటే పెద్దది 610. ఇరవై కోసి చూస్తే ఒక్కదానిలోనూ సెన లేదు, బీజకోశాలు దారంలా సన్నగా ఉన్నాయి. చిన్న జాతివి కోసిన ఆరింటిలో నాలుగు సెనతో ఉన్నాయి. అదే నీరు, అదే బురద, అదే మేత. మొత్తం బరువు తొలి పంట కంటే మూడో వంతు మాత్రమే ఎక్కువని రైతు గమనించారు, అది నిజమే. చిన్నవి ఎండుచేపకో, కుప్పల లెక్కనో పోయాయి, పెద్దవి తూకానికి పోయాయి, రాబడిలో తేడా అక్కడే వచ్చింది. తొలి ఏడు పదివేలు, మలి ఏడు 2,300 వేశాం కాబట్టి, ఎదుగుదలలో కొంత భాగం చోటు ఎక్కువ దొరకడం వల్ల వచ్చిందే. ఒక్క చెరువులో రెండు పంటలు చూసి జాతికెంత, చోటుకెంత అని విడదీయలేను. సెన, రెక్క లెక్క, తిత్తుల లెక్క మాత్రం చోటుతో మారేవి కావు.

ఒక సంగతి నాకు నచ్చకుండానే చేశానని ఒప్పుకోవాలి. దోమతెర వలలో కత్తిపరిగె పిల్లలతో పాటు రొయ్య పిల్లలు, పీత పిల్లలు, ఇంకా పేరు తెలియని పిల్లలెన్నో పడ్డాయి. వాటిని నీటిలోకి తిరిగి వదిలినా ఎన్ని బతికాయో ఊహించవచ్చు. చెన్నైలోని కేంద్ర ఉప్పునీటి జలచరాల పెంపక సంస్థ చెరువుల్లో పెంచిన తల్లి కత్తిపరిగెల చేతనే హార్మోన్లతో గుడ్లు పెట్టించింది. ఆ పిల్ల రైతు గట్టు దాకా వచ్చే రోజున ఈ వలల అవసరం పోతుంది. మా చేతికి మాత్రం ఆ ఏడాది అది అందలేదు.

2024 ఏప్రిల్‌లో ఒక ఉదయం రైతు ఫోన్‌లో ఫోటో పంపారు. తెల్ల పళ్ళెం కింద నల్లగుడ్డ, పక్కన గుండుసూది, పది చేప పిల్లలు. పాత మనిషే పిల్లలు తెచ్చారట, రేటు కూడా తగ్గించారట. "రెండింటికి పదకొండు, ఏడింటికి పన్నెండు వచ్చాయి సార్. ఒకదానికి నాకు పదమూడు వచ్చింది, అది మళ్ళీ లెక్కపెట్టాలి" అని కింద రాసి ఉంది. పిల్లలను వద్దని పంపేశానని మధ్యాహ్నం చెప్పారు.